ఎల్లాజీ ముడి

నేను ఒక థర్మాకోల్ కప్పును. టీ తాగి నలిపి పారేయడానికి పుట్టినదాన్ని. నా తోబుట్టువుల్లో చాలామంది రైల్వే ప్లాట్‌ఫారాల మీదే తనువు చాలించారు. నా నొసట మాత్రం సముద్రం రాసిపెట్టి ఉంది.

విశాఖ నుంచి బయల్దేరిన పరిశోధన ఓడలో విద్యార్థులూ శాస్త్రవేత్తలూ కలిసి సముద్రపు అడుగు నీటిని పైకి తోడేవారు. అంతంత చదువులు చదివినవాళ్లకి ఒక చిన్నపిల్లల సరదా ఉంది. నాలాంటి కప్పుల మీద పేర్లు రాసి, వలసంచిలో వేసి, నీళ్లు తోడే యంత్రానికి కట్టి కిందికి దింపుతారు. అక్కడి నీటి బరువుకి మేం కుదించుకుపోయి, కుంకుడుకాయంత అయి పైకొస్తాం. గోరంతను కొండంత చేయడం మనుషులకి అలవాటే గానీ, ఉన్నదాన్ని గోరంత చేసి చప్పట్లు కొట్టడం అక్కడే చూశాను.

అందరూ తమ పేర్లు రాసుకున్నారు. నూకరత్నం అనే అమ్మాయి మాత్రం నా మీద "అయ్యా, ఉన్నావా?" అని రాసింది. ఆమె తండ్రి ఎల్లాజీ సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. శవం దొరకలేదు. తల్లి దేముడమ్మ ఆయన బతికే ఉన్నాడంటూ బొట్టు తీయలేదు, కర్మ చేయనివ్వలేదు. కూతురికి ఆ ఎదురుచూపు చూడలేని బాధ.

పెద్ద శాస్త్రవేత్త ఫణీంద్రగారు ఆ రాత చదివి నన్ను సంచిలో వేశారు. సంచి మూతిని ప్లాస్టిక్ పట్టీతో బిగించారు.

కొంతదూరం వెలుగుంది. తర్వాత చీకటి, చలి. నా ఒంట్లోని గాలంతా పోయింది. అడుగున యంత్రం ఆగింది. పట్టీ పుటుక్కుమంది. సంచిలోకి ఏదో వచ్చింది. చేప అనుకున్నాను. కానీ చేపలకి బొటనవేళ్లుండవు. చదువు రానివాడు తడిమినట్టు నా మీది అక్షరాలను ఒక్కొక్కటే తడిమింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

ఓడ మీదికి వచ్చేసరికి సంచికి పట్టీ లేదు. పాచిపట్టిన వలదారంతో ముడి ఉంది.

"తెగిన వలేదో చుట్టుకుని ఉంటుందమ్మా," అంటూనే ఫణీంద్రగారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"ముడి జోలికి పోకండి సార్," అని నూకరత్నం సంచిని పక్కనుంచి కోసింది.

ఇంటికెళ్లి నన్నూ ఆ ముడినీ తల్లి చేతిలో పెట్టింది. దేముడమ్మ నావంక చూడనైనా లేదు.

"మీ అయ్య ఎడంసేతోడు. ఇలాగ తిరగేసి ముడేసినోడు ఈ పేటలో ఇంకోడు లేడే. ఎక్కడ దొరికింది?"

"అడుగునమ్మా."

దేముడమ్మ ఒక కొస పట్టుకుని లాగింది. ముడంతా ఊడిపోయింది. అప్పుడు గుండెలు బాదుకుని ఏడ్చింది. తెల్లారి ఒడ్డుకెళ్లి పిండం పెట్టింది.

ఇప్పుడు నేను వాళ్లింటి గూట్లో ఉంటున్నాను. తల్లీకూతుళ్లు నెమ్మదిగా ఉన్నారు, అది చాలు. నాకే నిద్ర పట్టదు. ఆ రోజు కింద నన్ను తడిమినవి ఒక్కడి వేళ్లు కావు. ఎల్లాజీ ముడి వేసేదాకా, ఆ చీకట్లో ఒకరి తర్వాత ఒకరు, చేతులు పెట్టి వెతుకుతూనే ఉన్నారు, తమకోసం కూడా ఎవరైనా ఏమైనా రాశారేమోనని.