నడిచిపోయిన చలివేంద్రం

దగ్గరికి జరగండి తల్లులారా, అయ్యలారా. వెనకున్నవాళ్లు చెప్పులు అక్కడే విడిచి ముందుకొచ్చి కూర్చోండి, ఇది మైకులో చెప్పే కథ కాదు. జమ్ములమ్మ తల్లిని ఒక్కసారి మనసులో తలుచుకోండి. తలుచుకున్నారా? మంచిది.

రెండువేల ఆరు ఎండాకాలం. వనపర్తి నుంచి పాన్‌గల్ పోయే రోడ్డు. పొద్దున్నే రాధమ్మ వాకిలి ఊడ్చి, బిడ్డ వసంతను ఒంటిపూట బడికి పంపి, చలివేంద్రంలో నీళ్లు పోసే కొలువుకు పోయేది. ఆ చలివేంద్రం ఒక పెద్ద విత్తనాల కంపెనీది. గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా ఆ కంపెనీకి పత్తి చేన్లున్నాయి. పందిరి వేశారు, బ్యానర్ కట్టారు, కుండల మీద నీలిరంగుతో కంపెనీ పేరు రాశారు. రిబ్బన్ కత్తిరించిన ఫొటో పేపర్లో కూడా వచ్చింది. తర్వాత కొన్నాళ్లకే నీళ్ల ట్యాంకర్ రావడం మానేసింది.

రాధమ్మ ఊరుకోలేదు. పక్కనే తిమ్మప్ప నడిపే పల్లీల మిల్లు బోరు నుంచి బిందెతో మోసి కుండలు నింపేది. అది కంపెనీ సూపర్‌వైజర్ శ్రీనాథ్ కంట పడింది.

“ఏందమ్మా, బిందె మోస్తున్నవు?”

“ట్యాంకర్ వస్తలేదు సారూ.”

“రాదు. ఫొటోలైపోయినయ్. నీకు జీతమిచ్చేది కూసునేదానికి. నువ్వు గిట్ల రోడ్డెంట బిందె మోస్తే కంపెనీకి నీళ్లే లేవనుకుంటరు.”

రాధమ్మ కూర్చుంది. కుండలు ఎండాయి. ఎండిన కుండ మా దిక్కు ఎక్కడైనా ఏం చేస్తుంది? లేచి పోతుంది. అవీ పోయాయి, పట్టపగలే, వరసగా, కొలువుకు పోయే మనుషుల్లాగా. పాన్‌గల్ బస్సు కండక్టర్ “ఆపు ఆపు, కుండలు దాటుతున్నయ్” అని విజిలేశాడు. బస్సు ఆగింది, కుండలు దాటాయి, బస్సు కదిలింది. అవి తిమ్మప్ప మిల్లు ముందు రేకుల నీడలో కూర్చున్నాయి.

ఆ మిల్లు ఎంతనుకున్నారు? ఒక మిషిను, నలుగురు హమాలీలు, గడప దగ్గర ఓ పిల్లి. తిమ్మప్ప వాటిని చూసి బోరు పైపు లాగి నింపాడు. దారిన పోయేవాళ్లు తాగి, కుండ మీది పేరు చదివి, “కంపెనీ సల్లగుండ” అని దీవించి పోయేవారు.

తిమ్మప్ప భార్య జోగులమ్మకు కడుపు మండింది. “నీళ్లు మనయి, పేరు వాళ్లది! ఆ నీలిరంగు జర గీకయ్యా.”

“గీకితే నీళ్లు ఇంకింత సల్లగైతయా ఏందే?”

ఇంతలో హైదరాబాద్ నుంచి పెద్దసారు చలివేంద్రం చూడవస్తున్నాడని కబురు. శ్రీనాథ్ పరేషాన్ అయ్యాడు. “రాధమ్మా, కుండలు వాపస్ రావాలె. రాకుంటే నీకు కొలువు లేదు.”

రాధమ్మ పోయి దూడల్ని బతిమాలినట్టు బతిమాలింది. “నడువుండ్రి తల్లీ, నా బతుకు ఆగమైతది.” ఒక కుండ కాస్త కదిలి మళ్లీ సర్దుకుని కూర్చుంది. ఇంకోదాన్ని శ్రీనాథ్ తన బండికి కట్టుకుపోతే, అది దారంతా నీళ్లు ఒలకబోసి, ఖాళీ కడుపుతో తిరిగొచ్చింది. చివరికి ఆయన బ్యానరే తెచ్చి మిల్లు ముందు కట్టాడు.

“కట్టుకో సారూ, ఎండకడ్డమైతది” అన్నాడు తిమ్మప్ప.

సారు పేరు ప్రదీప్. మర్యాదస్థుడే. వచ్చి గ్లాసెడు నీళ్లు తాగి, “చల్లగున్నాయి. రోజూ ఎవరు నింపుతున్నారమ్మా?” అనడిగాడు.

శ్రీనాథ్ కళ్లురిమాడు. తిమ్మప్ప మెల్లగా, “కంపెనీ అని చెప్పక్కా, నాదేం పోతది” అన్నాడు. కంపెనీ అంటే కొలువుంటుంది. కొలువు లేకపోతే మేస్త్రి ఎల్లన్న లారీ ఎక్కి కూలికి పుణె పోవాలి. కిందటేడు అట్లా పోయినప్పుడే వసంత బడి మాని, బిల్డింగుల కాడ కూలోళ్ల పసిపిల్లల్ని ఆడించింది. ఈసారి మానితే ఇక బడి ముఖం చూడదు. రాధమ్మకు అంతా తెలుసు. తెలిసే చెప్పింది.

“తిమ్మప్పన్న నింపుతుండు సారూ. మీ కుండలు మీ తాన ఎండి, గీడికొచ్చినయ్.”

సారు కోపం చేయలేదు. తిమ్మప్పతో, “మరి మీరొక బోర్డు పెట్టుకోవాల్సింది” అన్నాడు.

“బోర్డు ఎవలకు సారూ? నలుగురు హమాలీలు, రోజు నా మొఖం చూసేటోళ్లే. దారినపోయెటోళ్లకు దూపైతది గని, నా పేరుతోని ఏం పని?”

“మాకు అలా కుదరదండీ. మా ముఖం ఎవరికీ తెలియదు. చెప్పుకోకపోతే చేయలేదంటారు.”

“చెప్పుకోండ్రి, ఎవలొద్దన్నరు?” అంది జోగులమ్మ లోపలి నుంచి. “జర నీళ్లు గూడ పోయుండ్రి.”

సారు నవ్వి కారెక్కాడు. బ్యానర్ విప్పుకుపోయారు. రేపటి నుంచి రావద్దని సాయంత్రం శ్రీనాథ్ రాధమ్మకు చెప్పేశాడు.

ఆ ఆదివారం పొద్దున లారీలో రాధమ్మ మూటతో, వసంత పుస్తకాల సంచితో కూర్చున్నారు. డ్రైవర్ ఇంజన్ తిప్పాడు. అప్పుడొచ్చాయి కుండలు. అంచుల దాకా నిండి, చుక్క తొణక్కుండా వచ్చి, చక్రాల చుట్టూ కూర్చున్నాయి. నిండు కుండల మీదికి బండి తోలే పాపం ఎవరు చేస్తారు? డ్రైవర్ ఇంజన్ ఆపి బీడీ ముట్టించాడు.

మేస్త్రి ఎల్లన్న విసుక్కున్నాడు. “ఏ రాధమ్మా, నీ కోసమే వచ్చినయ్. దిగు, మాకు లేటైతుంది.”

“దిగితే ఏం తిని బతకాలె మేస్త్రీ?”

అప్పటికి తిమ్మప్ప రొప్పుతూ వచ్చాడు. “పల్లీలు ఏరే పనుందక్కా. కంపెనీ అంత ఇయ్యలేను. ఏడాది పొడుగునా ఉంటది మాత్రం. వీటికి నీళ్లు గూడ నువ్వే పోయాలె. నేను పోస్తే ఆ మూతి పగిలిన కుండ అలుగుతుంది.”

రాధమ్మ ఇంకా ఆలోచిస్తూనే ఉంది, వసంత సంచితో సహా కిందికి దూకేసింది. కుండలు పక్కకు జరిగాయి, లారీ పుణె పోయింది. మర్నాడు వసంత బడికి పోయింది.

తల్లులారా, అయ్యలారా, కుండల్ని మరిచిపోయినా పర్వాలేదు. అడిగినప్పుడు రాధమ్మ నీళ్లు పోసినవాడి పేరు చెప్పింది. ఆ ఒక్క పని గుర్తుంచుకోండి. రేపు మీరూ ఎవరి ముందైనా, పని చేసినవాడి పేరు చెప్పండి. చెప్పి, ఈ కథ ఇంకొకరికి వినిపించండి.