రాహేలు వేసిన ముడి

నేను ఒక సీసపు దిమ్మని. చూడటానికి అరచేతిలో పట్టేంతే ఉంటాను గానీ, ఎత్తినవాళ్ళంతా "అబ్బో, ఇంత బరువా" అంటారు. అందులో అంత వింతేముందో నాకెప్పుడూ అర్థం కాలేదు. బరువుగా ఉండటం తప్ప నాకింకో పని రాదు. మనిషన్నవాడు ఒంటినిండా గాలి నింపుకుని పుడతాడు కదా, నీళ్ళలో పడేస్తే తేలతాడు. దానికితోడు చలికి తట్టుకోవడానికని రబ్బరు తొడుగొకటి వేసుకుంటాడు, దాంతో మరీ బెండులా తేలతాడు. అలాంటివాడు సముద్రం అడుక్కి వెళ్ళి చేపల్ని చూడాలని ముచ్చటపడితే, నడుం చుట్టూ నాలాంటివాళ్ళం ఓ నలుగురైదుగురం వేలాడాలి. తేలడానికి పుట్టినవాడు మునగడానికి ఇంత అవస్థ పడటం ఎందుకని అడక్కండి, నాకూ తెలీదు.

నేను పుట్టింది మధ్యధరా సముద్రంలో సైప్రస్ అనే ద్వీపంలో. మరి తెలుగెలా వచ్చిందంటారా? వస్తున్నా, కాస్త ఆగండి.

నన్ను చేసినవాడు స్టెలియోస్ అనే జాలరి. వాళ్ళింట్లో పాత నీళ్ళగొట్టం సీసంది. దాన్ని పీకేసి కొత్తది వేయించినప్పుడు ఆ ముక్కల్ని పెరట్లో కరిగించి, చేపల డబ్బాలో పోసి నన్ను తయారు చేశాడు. కరిగించడానికి వాళ్ళమ్మ కూర వండే గిన్నె వాడాడు. ఆవిడ వారం పాటు కొడుకుతో మాట్లాడలేదు. నాకు బెల్టు దూరడానికి రెండు చీలికలు పెట్టి, వీపు మీద మేకుతో తన పేరులో మొదటి అక్షరం గీశాడు. గీత వంకర పోయింది. ఈ రోజుకీ వంకరే.

స్టెలియోస్‌కి ప్రాణస్నేహితుడు కిర్యాకోస్. ఇద్దరూ వీపున గాలి సిలిండర్లు కట్టుకుని ఊరి ముందున్న రాతిదిబ్బ దగ్గర మునిగేవారు. లోతు పెద్దగా ఉండదక్కడ, నాలుగు నిలువులు, అంతే. దిబ్బ చివర పక్కకి ఒరిగిపోయి ఒక ఓడ పడి ఉంటుంది. అది కమలాపళ్ళు మోసుకుపోయే చిన్న ఓడ. మబ్బు లేదు, గాలి లేదు, పట్టపగలు, కప్తాను ధ్యాస ఎక్కడుందో గానీ తిన్నగా తెచ్చి దిబ్బకి కొట్టేశాడు. మనుషులంతా బయటపడ్డారు. పళ్ళన్నీ ఒడ్డుకి కొట్టుకొస్తే ఊరంతా నెలపాటు కమలారసం తాగారని చెప్పుకుంటారు.

స్నేహితులిద్దరూ మొదటిసారి ఆ ఓడ దగ్గరికి దిగినప్పుడు, లోపలికి దూరే ముందు స్టెలియోస్ నడుం మీది బెల్టు పైకి లాగి, నాతో ఓడ ఇనుప పక్కటెముక మీద మూడుసార్లు కొట్టాడు. ఎవరింటికైనా వెళ్తే తలుపు తట్టమా, అలాగన్నమాట. కిర్యాకోస్‌కి నవ్వొచ్చి, నోట్లోకి ఉప్పునీళ్ళు పోయి, చచ్చినంత పనైంది. అప్పట్నుంచి అదొక ఆనవాయితీ. ప్రతి ఏడూ ఎండలు మొదలవగానే మొదటి మునకలో వెళ్ళి ఓడ తలుపు తట్టేవారు. తలలు నెరిశాయి, మోకాళ్ళు అరిగాయి, తట్టడం మాత్రం మానలేదు.

తర్వాత స్టెలియోస్ పోయాడు. పోయేముందు ఆసుపత్రి మంచం మీద నన్ను కిర్యాకోస్ చేతిలో పెట్టి, "నన్నెక్కడ పాతినా సరే, దీన్ని మాత్రం ఓడలో పెట్టు" అన్నాడు. కిర్యాకోస్ మాటిచ్చాడు. ఆ ఏడే ఆయన గుండెకి జబ్బొచ్చింది. డాక్టరు మునక్కూడదన్నాడు. కూతురు దెస్పినా పట్నంలో మందుల షాపు నడుపుతుంది, మహా గట్టిది. తండ్రి రబ్బరు తొడుగూ సిలిండర్లూ షెడ్డులో పెట్టి తాళం వేసింది. నన్ను మాత్రం వదిలేసింది. వంటింటి తలుపు గాలికి కొట్టుకుంటోందని నన్ను దానికి అడ్డం పెట్టారు. సముద్రం చూసినవాణ్ణి, గడప దగ్గర పడున్నాను.

అప్పుడొచ్చింది రాహేలు. ముమ్మిడివరం అవతల ఒక లంక ఆవిడది. ముసలాయన్ని చూసుకోవడానికి పెట్టుకున్నారు. ఆవిడకి పని చేస్తూ మాట్లాడటం అలవాటు. ఇంట్లో తెలుగొచ్చిన ప్రాణి లేకపోవడంతో చీపురుతోనూ, పొయ్యితోనూ, ఎక్కువగా నాతోనూ మాట్లాడేది. "జరుగు బాబా, తుడవాలి" అని కాలితో నెట్టేది. "ఇయ్యాల కూరలో ఉప్పెక్కువైందంట, ఈయనకి నాలుక తప్ప అన్నీ పాడైపోయినియ్యి" అనేది. రెండేళ్ళు అలా వింటే ఇనుముకైనా భాష వస్తుంది, నేను సీసాన్ని, ఇంకా మెత్తన. ఆ ముసలాయనకి కూడా "ఆయ్" అనడం వచ్చేసింది. ఆ ఊళ్ళో తాతని పప్పూ అంటారు. రాహేలుకి మొదటి వారమంతా ఆ పిలుపు వింటే నవ్వాగేది కాదు. ఆవిడ మాత్రం తాతగారనే పిలిచేది.

ఆవిడకి ఇంకో అలవాటుంది. అన్నిటికీ ముళ్ళు వేస్తుంది. ముసలాయన పారేసుకోని వస్తువంటూ లేదు. కళ్ళజోడుకి తాడు కట్టింది. తాళాలు ఆయన ప్యాంటు లూపుకి కట్టింది. చేతికర్ర ఆయన మణికట్టుకి కట్టింది. తన పాత ఆకుపచ్చ నేతచీర చింపి, ఆ పేలికలతోనే అన్నీ కట్టేది. రెండు ముళ్ళు వేసి, చివర పళ్ళతో పట్టి బిగించేది.

ఒకరోజు పొద్దున్నే చూస్తే షెడ్డు తాళం పగిలి ఉంది. ముసలాయన రబ్బరు తొడుగు సగం ఎక్కించుకుని, రెండో కాలు దూరక ఆయాసపడుతున్నాడు. నేను ఆయన ఒళ్ళో ఉన్నాను.

"ఏటి తాతగారూ ఇది?" అంది రాహేలు.

ఆయన తనకొచ్చిన ముక్కముక్క ఇంగ్లీషులో స్టెలియోస్ సంగతీ, ఇచ్చిన మాటా చెప్పాడు. "ఇంకో వేసవి నాకుంటుందో లేదో" అన్నాడు.

"మీకేవన్నా అయితే మీ అమ్మాయిగారు నన్ను ఆ రోజే పంపేత్తారు. జైల్లో పెట్టినా పెడతారు" అంది రాహేలు. తెలుగులో ఓసారి, ఇంగ్లీషులో ఓసారి.

"అందుకే నీతో చెప్పలేదు."

"ఒక్కరూ దిగకూడదని మీరే కదా చెప్పేవోరు?"

మునిగేవాళ్ళకి అదే మొదటి నియమం, జంట లేకుండా దిగకూడదు. ఆయన జంట ఊరి శ్మశానంలో ఉన్నాడు. ఆపితే ఇంకో రోజు తను నిద్రలేవకముందే వెళ్ళిపోతాడని రాహేలుకి తెలిసిపోయినట్టుంది. చివరికి, "నాకు నేర్పండి. గోదారిలో ఈదినదాన్ని, ఈ ఉప్పునీళ్ళో లెక్కా" అంది.

షెడ్డులో ఉన్న రెండో జత సామాను ఆవిడకి తగిలించి, ఆయన నడుంలోతు నీళ్ళలో నిలబెట్టి నేర్పాడు. నోటితో ఊపిరి పీల్చడం, చెవుల్లో నొప్పొస్తే ముక్కు మూసి ఊదడం, పైకొచ్చేటప్పుడు ఊపిరి బిగపట్టకుండా వదులుతూ రావడం. ఆవిడ చక్కగా నేర్చుకుంది, అన్నీ నేర్చుకుంది. ఒక్క బెల్టు దగ్గరే పేచీ. ఆయన సామానంతా పాతకాలపుది, గాలి ఊదుకునే జాకెట్టు కూడా లేదు, సిలిండరుకి భుజాల పట్టీలు, నడుముకి సీసపు దిమ్మల బెల్టు. ఆ బెల్టు బకిల్ ఒక్క చేత్తో లాగితే ఊడిపోయేట్టు ఉంటుంది. ప్రమాదమొస్తే ముందు బెల్టు వదిలెయ్యాలి, అప్పుడు మనిషి తనంతట తానే పైకొస్తాడు. ఆయన ఆ మాట పదిసార్లు చెప్పాడు. రాహేలు తలూపింది గానీ, లాగితే ఊడిపోయే బెల్టుని బెల్టంటే ఆవిడ మనసొప్పుకోలేదు.

దిగే రోజు ఆయన్ని తయారు చేస్తూ, ఆయన వెనక్కి తిరిగి ఉన్నప్పుడు, ఆకుపచ్చ పేలికొకటి నా చీలికలోంచి తీసి భుజం పట్టీకున్న రింగుకి కట్టేసింది. రెండు ముళ్ళు. "స్టెలియోస్‌గారి సీసం కదా, దారిలో పడిపోతే ఈయన ప్రాణం ఊరుకోదు" అని నాతోనే గొణిగింది. నాకు చెమటలు పట్టినంత పనైంది. నోరుంటే అరిచేవాణ్ణి.

నీళ్ళు తేటగా ఉన్నాయి. దిబ్బ మీద ముళ్ళబంతుల్లాంటి నల్లటి జీవులు, గడ్డి, వెండి చేపలు గుంపులు గుంపులుగా. రాహేలు ముందు భయపడింది, కాసేపటికి చేపల్ని చూసి భయం మర్చిపోయింది. ముసలాయన నేల మీద కర్ర లేందే నాలుగడుగులు వెయ్యలేడు, నీళ్ళలో మాత్రం కుర్రాడిలా పోతున్నాడు. చాలా రోజుల తర్వాత నేను నా పనిలో ఉన్నాను. ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను.

ఓడ ఎదురుగా కనిపిస్తోంది, ఇంకో పడవంత దూరం ఉంది. అక్కడ కిర్యాకోస్ ఆగిపోయాడు. చెయ్యి ఛాతీ మీదికి పోయింది. ఆయన నోటి దగ్గర బుడగలు గబగబా వచ్చాయి, తర్వాత పలచబడ్డాయి. కాళ్ళాడించడం మానేసి, మోకాళ్ళ మీద అడుక్కి కూలబడ్డాడు.

రాహేలుకి అప్పుడు బెల్టు గుర్తొచ్చింది. నేర్పినట్టే చేసింది, బకిల్ లాగింది. బెల్టు ఊడింది. ఊడి కిందపడకుండా, నాతోపాటు ఆ పేలికకి వేలాడింది. మేమంతా, ఐదుగురం సీసపు దిమ్మలం, ఆయన భుజానికి వేలాడుతూ ఆయన్ని అడుక్కే పట్టి ఉంచాం. ఎత్తబోయింది, రాలేదు. ముడి విప్పబోయింది. తడిసిన నేతగుడ్డ బిగిస్తే రాయే. గోళ్ళు విరిగాయి. మొహానికి తొడుక్కున్న అద్దం వెనక ఆవిడ కళ్ళు చూశాను. అవి ముసలాయన్ని చూడటం లేదు, తను వేసిన ముడిని చూస్తున్నాయి.

నేను పుట్టాక నన్ను నేను తిట్టుకున్నది అప్పుడొక్కసారే. ఇంత బరువెందుకు నాకు అనుకున్నాను.

ఆవిడ నోట్లోంచి గాలిగొట్టం తీసి వదిలేసింది. ముడి మీదికి వంగి పళ్ళతో పట్టుకుంది. రోజూ పళ్ళతో బిగించిన మనిషి, ఏ పోగు ఎటు లాగాలో తెలిసిన మనిషి. ఊపిరి లేకుండా అంతసేపు ఉండటం గోదారిలో నేర్చుకుందో, ఆ క్షణంలోనే నేర్చుకుందో తెలీదు. మొదటి ముడి వచ్చింది. రెండోది వచ్చింది.

మేం పడిపోయాం. పడుతూ పైకి చూశాను. రాహేలు గొట్టం మళ్ళీ నోట్లో పెట్టుకుంది, ఒక చేత్తో ముసలాయన నోట్లోని గొట్టం ఊడకుండా అదిమిపట్టి, రెండో చేత్తో ఆయన నడుం చుట్టేసింది. ఇద్దరూ వెలుతురులోకి తేలిపోయారు. వదిలెయ్యడానికే నన్ను కట్టుకుంటారని అప్పుడు తెలిసింది నాకు.

ఆ తర్వాత ఏమైందో నాకు చెప్పేవాళ్ళు లేరు. దిబ్బ పక్కన గడ్డిలో పడున్నాను. నా చీలికలో ఆకుపచ్చ పేలిక ఒక కొస ఇరుక్కుని ఊగుతూ ఉండేది. చిన్న ఆక్టోపస్ ఒకటి వచ్చి నా పక్కన కాపురం పెట్టింది, అద్దె అడిగినా పలకదు. ఓడ పడవంత దూరంలోనే ఉంది. అయినా నా ధ్యాస ఓడ మీద లేదు. ఆయన బతికాడా, ఆవిణ్ణి పంపేశారా, ఈ రెండే. నీళ్ళు చల్లబడ్డాయి, అలలు పెద్దవయ్యాయి, మళ్ళీ నెమ్మదించాయి, వెచ్చబడ్డాయి.

ఒకరోజు పైన పడవ నీడ ఆగింది. నీళ్ళ మీదికి గుండ్రంగా ఒక బాల్చీ దిగింది. ఆ ఊరి జాలర్లు అడుగున గాజు బిగించిన బాల్చీని నీళ్ళ మీద పెట్టి, అందులోంచి సముద్రం అడుగు చూస్తారు. ఆ గాజు వెనక ఒక మొహం. ముడతల మొహం, తాడు కట్టిన కళ్ళజోడు. తాడు రంగు ఆకుపచ్చ. అది చూశాక, రెండో ప్రశ్నకి కూడా సగం జవాబు దొరికింది.

మిగతా సగం వెంటనే దిగొచ్చింది. ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరి చెయ్యొకరు పట్టుకుని. ఒకరు రాహేలు. ఇంకొకరు దెస్పినా. చిన్నప్పుడు తండ్రి నేర్పిన మునక ఆవిడ మర్చిపోలేదు. దిగాక ఒకసారి ఆగి రాహేలు బెల్టు బకిల్ తడిమి చూసింది. రాహేలు కూడా ఆవిడది తడిమి చూసింది. ఎక్కడా ముడి లేదు. ఆ ఇంట్లో ఎన్ని కేకలయ్యాయో, ఎవరు ఎవరికి సర్దిచెప్పారో నాకు తెలీదు. పంపేసిన మనిషిని చెయ్యి పట్టుకుని ఎవరూ సముద్రంలోకి తీసుకురారు కదా.

రాహేలు పేలిక చూసి నన్ను పోల్చుకుంది. నాచు తుడిచింది, వంకర అక్షరం చూసింది, బెల్టులోంచి ఊడదీసి రెండు చేతులా ఎత్తుకుంది. ఓడ దగ్గరికి తీసుకెళ్ళి, ఇనుప పక్కటెముక మీద నాతో మూడుసార్లు కొట్టింది. నాది గంటలా మోగే గొంతు కాదు, మొద్దు చప్పుడు. కానీ నీళ్ళలో చప్పుడు బాగా పోతుంది.

పైన బాల్చీ మాయమైంది. దెస్పినా తలెత్తి పడవకేసే చూస్తోంది. చూస్తూ రాహేలు చెయ్యి మళ్ళీ పట్టుకుంది.

అప్పుడు పడవ అడుగు మోగింది. లోపల్నించి తెడ్డుతో కొడుతున్నాడు ముసలాయన. మూడుసార్లు కొట్టాడు. కాసేపాగి ఇంకోటి కొట్టాడు. ఆనవాయితీలో నాలుగోది లేదు. అది రాహేలుకి అయ్యుంటుంది.

ఆవిడ నన్ను ఓడ లోపల, పక్కటెముకల మధ్య పెట్టింది. పేలిక మాత్రం లాగి తన చేతి తొడుగులోకి దోపుకుంది. ఇక్కణ్ణుంచి నన్నెవరూ పారేసుకోలేరని ఆవిడకి తెలుసు.