ముళ్ళ గుమ్మడి

కడియపులంకలో మొక్కలకు కరువు లేదు. వాటిని తెచ్చి ఇంట్లో పెట్టుకునే ఓపికకే కరువు. పొద్దస్తమానం నర్సరీల్లో మొక్కల మధ్య నడుం విరగ్గొట్టుకుని వచ్చినవాళ్ళు, ఇంటికొచ్చి మళ్ళీ కుండీలు ముందేసుకుని కూర్చుంటారా? లోవరాజూ కూర్చునేవాడు కాదు. నర్సరీలో పైపు పట్టి నీళ్ళు పెట్టడం అతని పని. మీసాలు రాకముందు నుంచీ అదే పని. అలాంటి మనిషి, ఇక పైపు లాగే సత్తువ లేదని తేలిపోయిన రోజున, "ఏదైనా ఓ మొక్క పట్టుకెళ్ళరా" అని యజమాని అంటే, అన్ని మొక్కలుండగా బ్యారెల్ కాక్టస్‌ని ఏరుకున్నాడు. చంకనెట్టుకు రావడానికి వీలయ్యే మొక్కా అది? గోనెలో చుట్టి, సైకిలు వెనక కట్టి, తోసుకుంటూ ఇంటికి తెచ్చాడు.

గుండ్రంగా, నిలువు గాట్లతో, ఒళ్ళంతా పసుపుపచ్చ ముళ్ళతో ఉన్న దాన్ని చూసి తల్లి రత్తమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"ఇదేం మొక్కరా నాయనా! ముళ్ళ గుమ్మడికాయలా ఉంది. గుమ్మంలో ముళ్ళ మొక్క పెట్టుకుంటారా ఎవరైనా?"

"దిష్టికి గుమ్మడికాయ కట్టుకోమా ఏంటమ్మా? ఇదీ అంతే అనుకో" అన్నాడు లోవరాజు.

ఆ పేరే దానికి స్థిరపడింది.

దాన్ని పెంచే పద్ధతి భార్య సాయిదుర్గకు అతనే నేర్పాడు. గోదావరి ఒండ్రుమట్టి పనికిరాదు, పేడ ఎరువు అసలే వద్దు. ఇసుక, ఇటుక ముక్కలు, కాస్త బొగ్గు కలిపి కుండీలో పోయించాడు. అడుగున చిల్లు పెద్దదిగా కొట్టించాడు. తను అరుగు మీద కూర్చుని చెబుతుంటే ఆమె చేసింది.

"దీన్ని చంపేది ఎండ కాదు దుర్గా, నీళ్ళు. చీపురుపుల్ల లోపలికంటా గుచ్చి తియ్యి. పుల్లకి ఇసక అంటుకుని వచ్చిందా, పొయ్యకు. పొడిగా వచ్చిందా, అప్పుడు పొయ్యి. అదీ నెత్తిమీద కాదు, చుట్టూ అంచున. వానాకాలం వచ్చిందంటే చూరు కిందకి లాగేసి, ఇక దాని జోలికే వెళ్ళకు."

"మరి దానికి దాహం వెయ్యదా బావా?"

"వేస్తుంది. ఓర్చుకుంటుంది. నాకూ దానికీ ఒకటే పత్యం" అని నవ్వాడు.

అతని రెండు కిడ్నీలూ పాడైపోయాయి. వారానికి రెండుసార్లు రాజమండ్రి తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. ఒంట్లోకి వెళ్ళిన నీరు బయటికి పోయే దారి లేదు కాబట్టి, రోజుకు ఒక్క చిన్న చెంబుడు నీళ్ళతో సరిపెట్టుకోవాలి. పొద్దున్నే ఆ స్టీలు చెంబు నింపి అతని మంచం పక్కన పెట్టడం సాయిదుర్గ పని. మధ్యాహ్నానికే అది ఖాళీ అయిపోయేది. ఆ తర్వాత అతను నాలుకతో పెదాలు తడుపుకుంటూ వీధివైపు చూస్తూ కూర్చునేవాడు. వీధికి అవతలే కాలవ. గట్టు తన్నుకుంటూ పోయే నీళ్ళు.

రత్తమ్మకు అది చూడడం చేతకాలేదు. ఆమె సాయిదుర్గకు అత్తగారే కాదు, సొంత మేనత్త. తల్లి లేని మేనకోడల్ని చిన్నప్పుడే తెచ్చుకుని, తన కొడుకుతో పాటు అన్నం కలిపి ముద్దలు పెట్టిన మనిషి. ఇంటికి ఎవరొచ్చినా, అప్పడాలు అమ్ముకునేవాడైనా సరే, ముందు మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి తర్వాత పేరు అడిగే రకం. అలాంటి ఇంట్లో కన్నకొడుకు దాహం దాహం అంటుంటే ఇవ్వొద్దంటారా?

"మనమేమైనా ఎడారిలో ఉన్నామటే? ఒక్క గుక్క పట్టవే తల్లీ!"

"వద్దత్తా. ఊపిరితిత్తుల్లోకి నీరు పట్టేస్తుందన్నారు. కొబ్బరి నీళ్ళయితే అసలే ఇవ్వకూడదంట. గుండె ఆగిపోద్దంట. డాక్టరుగారు ఒకటికి రెండుసార్లు చెప్పారు."

రత్తమ్మ తలూపింది. నీళ్ళ సంగతి ఆమె బుర్రకెక్కింది. కొబ్బరి నీళ్ళ సంగతి ఎక్కలేదు. ఎలా ఎక్కుతుంది? ఆమె లెక్కలో కొబ్బరి నీళ్ళు నీళ్ళే కావు, మందు. జ్వరమొస్తే బోండాం, వడదెబ్బ తగిలితే బోండాం, బాలింతను చూడ్డానికి వెళ్తే బోండాం. లోవరాజుకు చిన్నప్పుడు విరేచనాలు పట్టుకుని కళ్ళు తేలేస్తే, దొడ్లో చెట్టు బోండాలతోనే బతికించుకుందామె. ఆ డాక్టరు ఎక్కడివాడో, బోండాం సంగతి వాడికేం తెలుస్తుంది అనుకుంది. పైకి మాత్రం అనలేదు.

రోహిణి కార్తె ఎండలు మండుతున్న రోజుల్లో సాయిదుర్గ నర్సరీకి కవర్లలో మట్టి నింపే పనికి వెళ్ళింది. వెళ్ళక తప్పదు, ఇల్లు గడవాలి. ఆ పూట పక్కింటివాళ్ళ కొబ్బరికాయలు దింపడానికి మనిషి వచ్చాడు. మధ్యాహ్నం తిరిగాక ఇంటి నుంచి ఫోను. ఆమె పరుగెత్తుకుంటూ వచ్చేసరికి లోవరాజు మంచం మీద చేతులు వేలాడేసి ఉన్నాడు. కాళ్ళు కదలడం లేదంటున్నాడు. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ డాక్టరు ఈసీజీ కాగితం చూసి, తలెత్తి ఒకే ఒక్క మాట అడిగాడు.

"కొబ్బరి నీళ్ళు గాని పట్టారా అమ్మా?"

"లేదండి. మా ఇంట్లో ఎవరూ పట్టరండి" అంది సాయిదుర్గ. అంత ధైర్యంగా అన్నందుకు తర్వాత ఎన్నిసార్లు ఏడ్చిందో.

దీపాలు పెట్టే వేళకు లోవరాజు పోయాడు.

శవాన్ని ఇంటికి తెచ్చాక, కాళ్ళు కడుక్కోవడానికి దొడ్లో గాబు దగ్గరికి వెళ్ళిన సాయిదుర్గకు అక్కడ బోండాలు కనిపించాయి. చెక్కేసినవి, తాగేసినవి, లోపలి లేత కొబ్బరి కూడా చెంచాతో గీకి పెట్టేసినవి. నీళ్ళ చెంబు అక్కడే వదిలేసి కూలబడిపోయింది. ఏడుస్తోంది కాబోలని ఎవరో వచ్చి పట్టుకున్నారు. ఏడుపు కాదది. అత్తగారి జుట్టు పట్టుకుని గాబుకేసి కొట్టాలన్నంత కోపం.

అంతటితో అయిపోయినా బాగుండేది. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా రత్తమ్మ అదే చెప్పుకుంది.

"పాపం, ఎన్ని నెలలు గొంతెండబెట్టుకున్నాడో నా తండ్రి! పోయేరోజున మాత్రం నా చేత్తో బోండాం నీళ్ళు పట్టాను. కడుపునిండా తాగాడు. 'అమ్మా, చల్లగా ఉందే' అన్నాడు. ఆ తృప్తొక్కటే మిగిలింది నాకు."

వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. అదృష్టవంతురాలివమ్మా అనేవారు. లోపల గదిలో గోడకు ఆనుకుని కూర్చున్న సాయిదుర్గ పళ్ళు బిగబట్టి వినేది. చెప్పేయాలి. నీ చేత్తోనే పోయాడని చెప్పేయాలి. రేవులో అందరూ అతని పేరున దోసిళ్ళతో ధర్మోదకాలు వదులుతుంటే, బతికుండగా చెంబుడు దాటి ఇవ్వని తనూ, ఇవ్వకూడనిది ఇచ్చిన అత్తా పక్కపక్కనే నిలబడ్డారు. అప్పుడూ చెప్పాలనే అనుకుంది. కొడుక్కి నీళ్ళు వదులుతున్న ముసలమ్మను చూసి ఊరుకుంది. ఆ తృప్తి కూడా లాగేసుకుంటే ఆవిడ ఏం పట్టుకుని బతుకుతుంది? ఊరుకున్నందుకు కోపం తగ్గిందా అంటే లేదు. ఒకే కంచంలో తిన్న మనుషులు ఒకే ఇంట్లో ముక్తసరి మాటలతో రోజులు నెట్టారు.

సాయిదుర్గకు మిగిలింది ఆ ముళ్ళ గుమ్మడి ఒక్కటే. పనికి వెళ్ళేముందు, వచ్చాక, దాని దగ్గర కాసేపు కూర్చునేది. ఎండ అన్నివైపులా తగలాలని కుండీని కొద్దికొద్దిగా తిప్పేది. ముళ్ళ మధ్య చేరిన దుమ్మును పాత బ్రష్షుతో దులిపేది. అతను తిరిగిరాడు, సరే. అతను చెప్పినట్టు చేస్తే ఇది మాత్రం బతుకుతుంది. ఆ నమ్మకం ఆమెను పొద్దున్నే మంచం మీంచి లేపేది. వానలు మొదలవగానే చూరు కిందకు లాగి, అతను చెప్పినట్టే దాని జోలికి వెళ్ళడం మానేసింది. చూసుకుంటూ ఉండేది, అంతే. పచ్చగానే ఉంది.

వానలు వెనకబట్టి కార్తీకం వచ్చాక, ఒకనాటి ఉదయం చీపురుపుల్ల తెచ్చి కుండీలో గుచ్చింది. పుల్లకు నల్లటి బురద అంటుకుని వచ్చింది. కుళ్ళు కంపు కొట్టింది. గోనెపట్టా చేతికి చుట్టుకుని మొక్కను పట్టుకుంటే, పట్టుకున్నచోట వేళ్ళు లోపలికి దిగబడిపోయాయి. కాస్త కదిపేసరికి కాయ మొత్తం మొదలు నుంచి ఊడి పక్కకు ఒరిగింది. లోపలంతా నల్లగా, నీళ్ళు నీళ్ళుగా ఉంది.

"ఎవరు పోశారు దీనికి నీళ్ళు?" ఆ అరుపుకు రత్తమ్మ వంటింట్లోంచి తడి చేతులతో వచ్చింది.

"నేనేనే. నువ్వు పనికెళ్ళాక రోజూ ఓ చెంబుడు పోస్తున్నా. వాడి మొక్క కదా, నువ్వు చూస్తే చుక్క నీళ్ళు పొయ్యట్లేదు. ఎండిపోతుందేమోనని..."

"పొయ్యొద్దని ఆయన చెప్పాడా లేదా? నువ్వు వినలేదా?"

"పైకి పచ్చగానే ఉంది కదే..."

"పైకి పచ్చగానే ఉంటుంది! లోపల చచ్చిపోతుంది! ఓర్చుకునేదానికి నీళ్ళు పట్టి చంపుతావా అత్తా? వద్దంటే వినవు. ప్రేమ, ప్రేమ అని..."

అక్కడ ఆగింది. ఇంకొక్క మాట అంటే అంతా అయిపోతుంది. ఆ మాట నాలుక చివర ఉంది. రత్తమ్మ ఒరిగిపోయిన మొక్కను చూసింది. అందులోంచి కారుతున్న నల్లటి నీళ్ళను చూసింది. ఆ తర్వాత ఆమె చూపు మెల్లగా దొడ్లోకి, కొబ్బరి చెట్టు వైపు వెళ్ళింది.

"దుర్గా," అంది చివరికి. "ఆ రోజు వాడికి నేను..."

"లేదత్తా!" అనేసింది సాయిదుర్గ. "దానికీ దీనికీ ఏ సంబంధం లేదు. బావ ఆయుష్షు అంతే."

అనేశాక గాని తెలియలేదు, అత్త ఇంకా అడగనే లేదని. అడగని ప్రశ్నకు జవాబు అంత తొందరగా వస్తే ఎవరికి అర్థం కాదు? రత్తమ్మ తడి చేతులు చీరకు తుడుచుకుంది. తుడిచిందే తుడుస్తూ లోపలికి వెళ్ళిపోయింది. సాయిదుర్గ మొక్కను గోనెలో చుట్టి కాలవ గట్టున పాతిపెట్టి వచ్చింది. ఖాళీ కుండీని గోడవారన బోర్లించింది.

తర్వాత కొన్నాళ్ళకు చిట్టియ్య వచ్చాడు. లోవరాజుతో పాటు నర్సరీలో పనిచేసినవాడు. హైదరాబాదులో ఎవరివో తోటల పనికి వెళ్ళి, కబురు ఆలస్యంగా తెలిసి, అప్పుడే ఊళ్ళోకి దిగి తిన్నగా వచ్చాడు. అరుగు మీద కూర్చుని కళ్ళు ఒత్తుకున్నాడు.

"చివర్లో బాగా బాధపడ్డాడా పిన్నిగారూ?"

సాయిదుర్గ గుమ్మం దగ్గర నిలబడి, ఇప్పుడొస్తుంది ఆ మాట అనుకుంది. రాలేదు. రత్తమ్మ తలవంచుకుని కూర్చుంది. ఆ మౌనం ఇన్నాళ్ళూ తను కోరుకున్నదే. తీరా వచ్చాక అదే భరించలేకపోయింది. ఎలాగైనా ఆ మాట ఆమెకు తిరిగి ఇచ్చేయాలనిపించింది.

"లేదు అన్నయ్యా," అంది. "పోయేరోజున అత్తే తన చేత్తో బోండాం నీళ్ళు పట్టింది. కడుపునిండా తాగాడు. చల్లగా ఉందన్నాడు."

"అంతకంటే ఏం కావాలి. అదృష్టవంతురాలివి పిన్నిగారూ" అన్నాడు చిట్టియ్య. కండువాతో మొహం తుడుచుకుని, "ఎండన పడి వచ్చాను, కాసిని మంచినీళ్ళు ఇప్పించండి" అని అడిగాడు.

ఆ ఇంట్లో మంచినీళ్ళు అడిగితే లేచేది ఎప్పుడూ రత్తమ్మే. అలవాటు కొద్దీ సగం లేచింది. లేచి, తన అరచేతుల వంక చూసుకుని, మళ్ళీ కూర్చుండిపోయింది.

"నువ్వివ్వు దుర్గా," అంది. "నా చేత్తో వద్దు."