చక్రాల వంతెన ముందు నిలబడే మనిషి

ఆ ఉదయం వంతెన పొడి రాళ్ళ మీద నిలబడి ఉంది. నది మాత్రం దానికి వంద అడుగుల అవతల, పడమటి వైపున పారుతోంది.

మా స్టెయినా నది ఒకచోట కుదురుగా ఉండదు. పైన కొండల మీది మంచు కరిగి వచ్చే నీళ్ళు ఇసుకనూ రాళ్ళనూ మోసుకొచ్చి తమ దారిని తామే పూడ్చుకుంటాయి. మర్నాటికి పక్కకి జరుగుతాయి. ఐస్‌లాండ్ దక్షిణాన ఉన్న మా లోయలో అందుకే వంతెనకి చక్రాలు పెట్టాం. నది ఎటు జరిగితే అటు ట్రాక్టర్‌తో నెట్టుకెళ్ళి నీళ్ళ మీద నిలబెడతాం. కనుమ దాటి నడిచి వచ్చేవాళ్ళు దాని మీదుగానే మా బసకి చేరాలి. ఇరవై ఎనిమిది వేసవుల నుంచి ఆ ట్రాక్టర్ తోలుతున్నది మా తాతయ్య కేతిల్. బస చూసుకునే పని నాది. నాకిది మూడో ఏడు.

ముందురోజు సాయంత్రం వంతెనని ఆ రాళ్ళ మీద పెట్టింది కూడా ఆయనే. ప్రతి జూలైలోనూ నది తూర్పు పాయలోకి తిరుగుతుందని ఆయన లెక్క.

"వంతెనకి దాహం వేస్తున్నట్టుంది తాతయ్యా," అన్నాను కాఫీ అందిస్తూ.

"నవ్వు, నవ్వు. ఎండకి పైన మంచు కరిగిందంటే నాలుగింటికల్లా ఇటే వస్తుంది. దీని బుద్ధి నాకు తెలియదా?"

"నేను పాతిన గుర్తు కర్రలు వేరేలా చెప్తున్నాయి. పడమటి పాయ వారంలో జానెడు లోతు పెరిగింది."

"నీ కర్రలకి వయసెంత?"

"మూడు వారాలు."

"ఇంకా పాలు మానని వయసు. వాటి మాట నేను వినాలా?"

నా కోటు లోపలి జేబులో ఒక ఉత్తరం ఉంది. బసలు నడిపే సంఘం రాసింది. తాతయ్యకి ఎనభై ఒకటి. కంటి డాక్టరిచ్చిన కాగితం చూశాక, ఇక ఆయన ట్రాక్టర్ తోలకూడదని వాళ్ళు నిర్ణయించారు. ఉత్తరం నా చేత్తోనే ఇవ్వమన్నారు. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. అంతకు చాలా ముందు నుంచే, ఏ కాగితం వచ్చినా చదివి చెప్పే పని నాది. ఈ కాగితం మాత్రం నాలుగు రోజులుగా జేబులోనే ఉంది. ట్రాక్టర్ లేకపోతే ఆయన ఈ లోయకి రారు. కింద పొలంలో, సరిగ్గా ఉన్న గొర్రెల పాక తలుపునే మళ్ళీ మళ్ళీ సరిచేస్తూ ఉండిపోతారు.

అమ్మమ్మ బెర్గ్‌థోరా పోయి నాలుగేళ్ళు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ వంతెన జరపడం ఇద్దరి పని. ఆయన తోలేవారు. ఆవిడ పొడవాటి కర్రతో ముందు నడుస్తూ, నేల గట్టిదో ఊబో పొడిచి చూసి, తన ఎర్ర ఉన్ని టోపీ తీసి ఊపేది. పైకెత్తితే రమ్మని, పక్కకి ఊపితే ఆగమని. ఆవిడ పోయాక ముందు నిలబడడానికి ఇంకెవరినీ ఆయన ఒప్పుకోలేదు. టోపీ ఇప్పటికీ ట్రాక్టర్ సీటు కిందే ఉంటుంది.

రొట్టెలో పొగబెట్టిన గొర్రె మాంసం పెట్టుకుని తింటూ, ఇద్దరం రాళ్ళ మీద కూర్చుని నది కోసం ఎదురుచూశాం. మధ్యాహ్నం దాటాక నీళ్ళు పెరిగాయి. అడుగున రాళ్ళు దొర్లే చప్పుడు పెద్దదైంది. అంతా పడమటి పాయలోనే. నాలుగింటికి మా వైపు వేలెడంత ధార ఒకటి వచ్చి, వంతెన చక్రాన్ని తడిపి, ఇసుకలో ఇంకిపోయింది. తాతయ్య ఆ తడినే చూస్తూ కూర్చున్నారు.

అప్పటికి అవతలి ఒడ్డున పదకొండు మంది నడకవాళ్ళు చేరారు. వాళ్ళలో ఒకతను కూర్చుని బూట్లు విప్పడం మొదలుపెట్టాడు.

"వీడేంటి, దిగుతాడా ఏంటి?" తాతయ్య లేచి రెండు చేతులూ ఊపారు. "బూట్లు కట్టుకోరా నాయనా!"

నీళ్ళ హోరులో అతనికేం వినపడుతుంది? పలకరిస్తున్నారనుకుని తిరిగి చెయ్యి ఊపాడు. రెండో బూటు కూడా విప్పేశాడు.

తాతయ్య గబగబా ట్రాక్టర్ దగ్గరికి వెళ్ళి సీటు కింద నుంచి ఎర్ర టోపీ తీశారు. నీళ్ళ అంచు దాకా నడిచి దాన్ని పక్కకి ఊపారు, ఆగకుండా. అతను లేచి ఒకడుగు వేసి, ఆగి, మళ్ళీ కూర్చున్నాడు.

తాతయ్య ఆయాసపడుతూ తిరిగొచ్చారు. "ఇటు రాదింక," అన్నారు. "తప్పు లెక్కేశాను. పద, వంతెన జరపాలి." సీటెక్కడానికి మెట్టు మీద కాలు పెట్టారు.

"ఆగు తాతయ్యా." ఉత్తరం తీసి ఇచ్చాను.

ఆయన దాన్ని చెయ్యి చాపినంత దూరాన పట్టుకుని మెల్లగా చదివారు.

"'గౌరవనీయులైన' అని రాశారే. ఇరవై ఎనిమిదేళ్ళలో ఇదే మొదటిసారి." మడతపెట్టారు. "ఎన్నాళ్ళైంది నీ దగ్గర?"

"నాలుగు రోజులు."

"అందుకేనా నా కాఫీలో రెండు చెంచాల చక్కెర వేస్తున్నావు?"

ఆయన మెట్టు మీద నుంచి కాలు తీసి, అవతలి ఒడ్డు వైపు చూశారు. ట్రాక్టర్ తాళంచెవి తీసి నా అరచేతిలో పెట్టారు.

"తోలొద్దన్నారు. నిలబడొద్దని ఎక్కడైనా రాశారా?"

ఉత్తరం తీసుకుని మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ చదివాను. "రాయలేదు."

"మరింకేం? ఆ పొడవాటి కర్ర ఇలా ఇవ్వు."

"నీళ్ళలోకి మాత్రం దిగకూడదు."

"నువ్వు క్లచ్ సంగతి చూసుకో."

వంతెనని నెడుతూ కదిలాను. ముందు ఆయన నేలని పొడుస్తూ నడిచారు. టోపీ పైకి లేచింది, మళ్ళీ లేచింది. నా కంటికి గట్టిగానే కనిపించిన చోట పక్కకి ఊపారు. ఆపేశాను. ఆయన కర్ర పొడిస్తే సగం దాకా దిగింది. అక్కణ్ణుంచి నాలుగు గజాలు ఎగువకి తిప్పించారు. వంతెన నీళ్ళ మీదికి సాగి అవతలి ఒడ్డుకి ఆనింది.

పదకొండు మందీ దాటారు. ఆఖరున బూట్లతను వచ్చి తాతయ్యతో చెయ్యి కలిపాడు. "ముడి గట్టిగా వేసుకో," అన్నారాయన.

వాళ్ళు బస వైపు వెళ్ళిపోయాక ట్రాక్టర్ చక్రానికి ఆనుకుని నిలబడ్డారు.

"మీ అమ్మమ్మ అస్తమానం ఆపుతుంటే నాకు ఒళ్ళు మండేది. ఉత్త పిరికిదనుకునేవాణ్ణి." టోపీ దులిపారు. "ముందు నిలబడి చూస్తే, ఆ సీట్లో మనిషి ఎంత చిన్నగా కనిపిస్తాడో ఇవాళ తెలిసింది."

టోపీ సీటు కింద పెట్టలేదు. తలకి పెట్టుకున్నారు.

"రేపు నది ఎటు జరుగుతుందంటావు తాతయ్యా?"

"నీ కర్రల్ని అడుగు," అన్నారు. నాలుగడుగులు వేశాక వెనక్కి తిరక్కుండానే, "నన్ను కూడా అడుగు," అన్నారు.