నాటు మునుంలో సాక్ష్యం

దుర్గమ్మక్కకు దేవుడి మాట చెప్పడం కంటే ఎండిన మడిలో నారు పాతడం సులువు. బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి చెబుతూనే ఉన్నాను. విగ్రహాలు తప్పు, తీర్పు ఉంది, నరకం ఉంది అని మిర్యాలగూడ చర్చిలో అబ్రహాం అయ్యగారు నేర్పినవన్నీ అప్పజెప్పాను. ఆమె తల కూడా ఎత్తదు.

"నీ నరకం సంగతి తర్వాత, జర ఎనక్కి జరుగు. నా కాళ్లకడ్డం వస్తున్నవ్," అంటుంది. నాకు ఒళ్లు మండిపోయేది.

రజాకార్ల గోల ఖతమైన మరుసటి వానాకాలం అది. వేములపల్లి చెరువు కింద నాట్లు పడుతున్నాయి. మా జట్టుకు దుర్గమ్మక్క పెద్ద, పాట ఎత్తేదాన్ని నేను. నేను ఎత్తితే మిగతావాళ్లు అందుకుంటారు, ఆ ఊపులోనే చేతులన్నీ ఒక్కసారి బురదలోకి దిగుతాయి. అయితే ఆ పాటలన్నీ మైసమ్మవీ ఎల్లమ్మవీ. వాటిని పాడొద్దని అయ్యగారన్నారు, మానేశాను. దాంతో మునుం, నాటేవాళ్ల వరుస, చెడింది. ఒకతె వెనక్కి పోతే ఇంకొకతె ఉన్నచోటే ఉంటోంది.

"నీ దేవుడు సంతోషమిస్తడంటవ్ గద, మరి మొగమెందుకట్ల ముడుసుకున్నవ్?" అంది తండా నుంచి వచ్చే సక్కుబాయి. అందరూ నవ్వారు.

దుర్గమ్మక్క నవ్వలేదు. "పాట పాడవు, వాగుడు ఆపవు. నీతోని పరేషానైతున్నదే అన్నమ్మా. రేపు గూడ గిట్లనే ఉంటే రాకు. ఇంకో మనిషిని సూసుకుంట."

ఇంటికొచ్చి గిన్నెలన్నీ విసిరికొట్టాను. ఆమె మీద కోపం, అయ్యగారి మీద కోపం, అన్నిటికంటే నా నోటి మీద కోపం. ఆ జట్టు తప్పితే ఊళ్లో నాకు మనుషులే లేరు.

అసలు చెప్పాల్సింది నరకం గురించి కాదు. గత్తర, అదే కలరా, వచ్చిన ఏడు నా బిడ్డ నీలా పోయింది. అంటుకుంటుందని మా గడప తొక్కినవాళ్లు లేరు. దవాఖానలో ఊడ్చే సుగుణమ్మ అనే ముసలామె మాత్రం ఎవరూ పిలవకుండానే వచ్చి, నీలాను ఒళ్లో పెట్టుకుని కడిగింది. ఊరంతా దూరం నుంచి చూసింది. ఎందుకొచ్చావమ్మా అంటే, యేసయ్య పొమ్మన్నాడంది. నా నమ్మకమంతా ఆ ఒళ్లోనే పుట్టింది. అది చెబితే, అప్పుడు రాని జట్టువాళ్లకు ఎత్తిపొడుపుగా తగులుతుందని ఇన్నాళ్లూ మింగాను.

పొద్దున పొలానికి పోతే దుర్గమ్మక్క నారు కట్ట నా చేతికివ్వలేదు.

"పాడతవా, పోతవా?"

కట్ట లాక్కుని మడిలో దిగాను. రాగం పాతదే, మాటలు నావి. అయ్యగారు ఏమనుకుంటే అనుకోనీ అనుకున్నాను.

"గత్తరొచ్చిన నాడు ఉయ్యాలో, నా నీలా పడిపాయె ఉయ్యాలో."

అలవాటు కొద్దీ అందరూ అందుకున్నారు. చేతులు ఒక్కసారి దిగాయి.

"నా గడప తొక్కలే ఉయ్యాలో, ఊరోళ్లు ఒక్కరూ ఉయ్యాలో."

ఎవరూ అందుకోలేదు. చేతులు ఆగిపోయాయి. సక్కుబాయి చేతిలోని నారు వైపు చూస్తూ ఉండిపోయింది. అయిపోయింది, జట్టూ పోయింది, అక్కా పోయింది అనుకున్నాను.

అప్పుడు దుర్గమ్మక్క తల ఎత్తకుండానే అందుకుంది.

"నేను గూడ రాలే ఉయ్యాలో, నీ గడప తొక్కలే ఉయ్యాలో."

నేను నాటడం ఆపి ఆమె వైపు చూశాను. ఆమె నడుం నిలబెట్టి, బురద అంటని మోచేత్తో కళ్లు తుడుచుకుని, నా మీదే కసిరింది.

"ఆగినవేందే? మునుం ఆగింది సూడు. నీ యేసయ్యకు నేనైతే మొక్కను, ముందే సెప్తున్న."

"మొక్కకు. నేనేమన్న మొక్కమన్ననా ఇప్పుడు?"

"గాని గా ముసలామె లోపలికొచ్చినంక ఏమైందో సెప్పు."

నోరు ముయ్యమని ఇన్నాళ్లూ నన్ను కాల్చుకుతిన్న మనిషి! ముక్కు చీదుకుని, ఇంకో నారు కట్ట విప్పి, సుగుణమ్మ గడప తొక్కిన దగ్గర్నుంచి పాట ఎత్తుకున్నాను.