ముందెవరూ లేని వరస

గొట్టం నీళ్లు మొదట పెద్దమ్మ వీపు మీద పడ్డాయి. ఆవిడ నమాజులో, సజ్దాలో ఉంది. నుదురు నేలకానించిన మనిషి లేవలేదు, పక్కకి జరగలేదు. తర్వాత ఆ నీళ్లు వరసంతా తడుపుకుంటూ పోయాయి. రొయ్యల షెడ్డులో నేల కడిగే నీళ్లవి, ఐసు చల్లదనం, బ్లీచింగు కంపు. సూపర్వైజరు గొట్టం పట్టుకుని, పూలమొక్కలు తడుపుతున్నంత నిదానంగా ఆ చివరా ఈ చివరా వదలకుండా తడిపాడు. తిండి వేళ అది. టేబుళ్ల దగ్గర డబ్బాలు విప్పుకుని కూర్చున్న మిగతా ఆడవాళ్లు నోట్లో ముద్ద నోట్లోనే ఉంచుకుని చూస్తూ ఉండిపోయారు.

నమాజు ముగించి లేచేసరికి అందరి బట్టలూ ఒంటికి అతుక్కుపోయాయి. కప్పుకోవడానికి చేతులు చాలక ఒకళ్ల వెనక ఒకళ్లు నక్కుతుంటే, లోడింగు మగాళ్లు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. చూడకుండా తల తిప్పుకున్నవాళ్లూ ఉన్నారు లెండి, కానీ గొట్టం లాక్కున్నవాడు ఒక్కడూ లేడు.

“మీలో లీడరెవరు? ముందు నిలబడి చేయించేదెవరు?” అని అడిగాడు సూపర్వైజరు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మగవాళ్ల నమాజులో చేయించే మనిషి అందరికంటే ముందు ఒక్కడే నిలబడతాడు. అతను చూసింది అదే. ఆడవాళ్లకి ఆడమనిషి చేయించేటప్పుడు అలా కాదు. ఆమె కూడా వరసలోనే, మధ్యలో, అటూ ఇటూ భుజాలు తగిలేలా నిలబడుతుంది. ముందు ఎవరూ ఉండరు. అందుకే అతను ఎంత వెతికినా ముందు నిలబడ్డ మనిషి కనపడలేదు.

మధ్యలో ఉన్నది గొంతమ్మ. ఆమె అసలు పేరు షెడ్డులో ఎవరూ వాడరు. వాళ్ల నాన్న మసీదులో అజాన్ ఇచ్చేవాడు. కూతురికి ఆయన ఆస్తిపాస్తులేం ఇవ్వలేదు, తన గొంతు ఇచ్చి పోయాడు. సాయంత్రం నమాజులో ఆమె ఖురాన్ ఓదడం మొదలుపెడితే రొయ్యలు ఒలిచే చేతులు కూడా ఒక్క క్షణం ఆగేవి.

ఆ గొంతు ఆ రోజు పెగల్లేదు. ఒక్క మాట అంటే చాలు, ‘నేను’ అని. కానీ ఆమె కళ్లముందు మొగుడు మెదిలాడు. ఈ షెడ్డు నడిపే కంట్రాక్టరు ఐసు లారీ మీదే అతను డ్రైవరు. ఈ కంట్రాక్టరు గదిలోనే వాళ్ల కాపురం. ఆమె తల దించుకుని కాళ్ల కింద కారుతున్న నీళ్లకేసి చూస్తూ నిలబడింది.

“నేనే. ఇంత లావు మనిషిని, ముందు నిలబడితే నీకు కనపడలేదా నాయనా?” అంది పక్కనున్న పెద్దమ్మ.

అది అబద్ధమని అక్కడున్న ఆడవాళ్లందరికీ తెలుసు. ఐసుగడ్డలు పగలగొట్టి టేబుళ్లకి పంచే ముసలమ్మకి వచ్చిందల్లా ఖురాన్‌లో మొదటి సూరా ఒక్కటి, అదీ తప్పుల తడక. గొంతులోంచి పలకాల్సిన అక్షరాన్ని పళ్ల సందుల్లోంచి పలుకుతుంది. గొంతమ్మ ఎన్నోసార్లు నలుగురిలో దిద్దింది, నవ్వింది కూడా. సూపర్వైజరుకి ఇవన్నీ ఎందుకు? రేపటినుంచి రావద్దన్నాడు. పెద్దమ్మ తన ఐసు పారని గోడకి జాగ్రత్తగా ఆనించి, తడిబట్టలతోనే గేటు దాటి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం పనంతా గొంతమ్మ టేబులు మీంచి కళ్లెత్తలేదు. ఎవరూ ఆమెని ఒక్క మాటనలేదు. అంటే బావుండుననిపించింది ఆమెకి.

ఈ వరస ఊరికే పుట్టలేదు. మొదట్లో ఎవరి నమాజు వాళ్లదే. ట్రేల సందున ఒకామె, తూకం వెనక ఒకామె, దొరికిన చోట ముగించుకుని పరుగెత్తేవాళ్లు. కూర్చోడానికి స్టూలు ఉండదు, ఐసునీళ్లలో వేళ్లు మొద్దుబారినా చేతులకి తొడుగులుండవు. ఒక రోజు నెలలు నిండుతున్న కొత్తమ్మాయి ట్రేల వెనక నేల మీద బోర్లా వంగిపోయి కనిపించింది. నుదురు నేలకి ఆని ఉంది. అటుగా పోయిన ప్రతి ఒక్కరూ సజ్దాలో ఉందనుకున్నారు. అయ్యో, కదిలించకూడదని తప్పుకుని పోయారు. గొంతమ్మా పోయింది, పెద్దమ్మా పోయింది. నేల మీద నెత్తురు చూసి తూకం దగ్గరి అక్క కేక పెట్టేదాకా అది పడిపోవడమని తెలియలేదు. ఆ పిల్ల బతికింది, కడుపులో బిడ్డ పోయింది.

మనిషి పడిపోతే ప్రార్థన అనుకున్నాం, మనంత సిగ్గులేని వాళ్లం ఇంకెవరూ ఉండరని పెద్దమ్మ గుండెలు బాదుకుంది. ఇకనుంచి భుజానికి భుజం తగిలేలా నిలబడదాం, ఒకళ్లు తూలితే పక్కదానికి తెలుస్తుందని అన్నది కూడా ఆవిడే. చేయించడానికి గొంతమ్మని మధ్యలోకి లాగింది. నమాజయ్యాక వెంటనే లేవకుండా ఎవరికేం కష్టమో చెప్పుకునేవాళ్లు. అలా చెప్పుకోగా చెప్పుకోగా స్టూళ్ల మాట వచ్చింది, తొడుగుల మాట వచ్చింది, మరుగుదొడ్డికి గడియ లేదన్న మాట వచ్చింది. అందరూ కలిసి వెళ్లి కంట్రాక్టరుని అడిగారు. ఆ వారమే వరస మీదికి నీళ్లగొట్టం వచ్చింది.

పెద్దమ్మని వెళ్లగొట్టిన మర్నాడు కంట్రాక్టరే షెడ్డుకి వచ్చాడు. ఆయన మసీదు కమిటీకి పెద్ద. మొహాన నవ్వు చెదరకుండా, నమాజుకి నేను అడ్డం చెబుతానా తల్లీ అన్నాడు. ఎవరికి వాళ్లు చేసుకోండి, గుంపు మాత్రం వద్దు, ఆడది చేయించడం అసలే వద్దు అన్నాడు. గమనించారా? ఆయనకి అల్లాతో పేచీ లేదు. ఆయన పేచీ అంతా వరసతోనే.

ఆ సాయంత్రం గొంతమ్మ మొగుడు హుషారుగా ఇంటికొచ్చాడు. మంచి పని చేశావ్, నోరు మూసుకుని గండం గట్టెక్కించావ్, నీకింత తెలివుందనుకోలేదు అని మెచ్చుకున్నాడు. పెళ్లయ్యాక అతను ఆమెని మెచ్చుకున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆమెకి తల కొట్టేసినట్టయింది. కంచం ముందునుంచి లేచి, చేతులైనా సరిగ్గా కడుక్కోకుండా పెద్దమ్మ గదికి నడిచింది. ఏం చెప్పాలో దారిపొడుగునా కూడబలుక్కుంది.

పెద్దమ్మ తలుపు తీసి, రామ్మా అంటూ చాప వేసింది. తిట్టలేదు. పైగా ఎదురుగా చతికిలబడి అసలు సంగతి ఎత్తుకుంది.

“నేనే లీడర్నని చెప్పి చచ్చానా, రేపు పదిమందిలో ఓదమంటే నా పరువేం కాను? ఆ గొంతు అక్షరం నేర్పవే తల్లీ,” అంది.

గొంతమ్మ నేర్పడానికి నోరు తెరిచింది. అక్షరం రాలేదు, ఏడుపొచ్చింది. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు. పెద్దమ్మ ఆమె వీపు రాస్తూ, ఏడుపు తగ్గేదాకా ఊరుకుని, మాట మార్చడానికన్నట్టు ఒక ప్రశ్న వేసింది. నువ్వు చేయిస్తూ చేయిస్తూ మధ్యలో దగ్గొచ్చి పోవాల్సొస్తే మా గతేమిటి, నమాజు చెడినట్టేనా అని.

చెడదని గొంతమ్మ కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. నాన్న చెప్పేవాడు, పక్కనున్నవాళ్లు అందుకోవాలి, ఆగిన చోటునుంచే కొనసాగించాలి.

పక్కనుండేది నేనేగా, అయితే నేర్చుకోక తప్పదన్నమాట అని పెద్దమ్మ నిట్టూర్చింది. ఇద్దరూ రాత్రి పొద్దుపోయేదాకా ఆ ఒక్క అక్షరం మీద కుస్తీ పట్టారు. అది లొంగలేదు.

రెండు రోజులకి ఆ గదిలోనే ఆడవాళ్లంతా చేరారు. చోటు చాలక సగంమంది గుమ్మం బయటే నిలబడ్డారు. నమాజుతో సంబంధంలేని తూకం అక్కా ఆమెతోటివాళ్లూ కూడా వచ్చారు. ఎవరి మతం వాళ్లది, కానీ గడియలేని దొడ్డి అందరిదీ అంది తూకం అక్క. వాదన పెరిగింది. ఎవరింట్లో వాళ్లు చేసుకుంటే పోలా, అల్లాకి వినపడదా అని ఒకామె విసుక్కుంది.

“అల్లాకి వినపడుద్ది. మన మాట మనకే వినపడదు,” అంది బిడ్డని పోగొట్టుకున్న కొత్తమ్మాయి.

ఆడది చేయించడం తప్పని కమిటీ అంటోందిగా అని ఇంకొకామె భయపడింది. అప్పుడు గొంతమ్మ లేచింది. ప్రవక్తగారి ఇంటి ఆడవాళ్లే ఆడవాళ్లకి చేయించారని, వరస మధ్యలో నిలబడి చేయించారని తన తండ్రి చెప్పిన మాట చెప్పింది. అక్కడితో కూర్చుంటే సరిపోయేది. కూర్చోలేదు.

“ఆ రోజు వాడు అడిగింది నన్ను. జవాబు చెప్పింది పెద్దమ్మ,” అంది. “నాకు ఇల్లు గుర్తొచ్చింది, మొగుడు గుర్తొచ్చాడు. పెద్దమ్మకి మాత్రం కడుపు లేదా? మీ మొహాలు చూడలేకపోతున్నాను.”

తూకం అక్క ముందుకొచ్చి, నువ్వొక్కదానివేనా అంది. గొట్టం లాక్కోవడానికి నాకు చేతుల్లేవా, తింటూ కూర్చోలా నేను అంది. ఆ మాటతో గుమ్మం దగ్గరున్నవాళ్లు కూడా తలలు దించుకున్నారు. ఆ సిగ్గు ఒక్కరిది కాదని తేలాక, దాన్ని మోయడం కాస్త తేలికైంది. పెద్దమ్మని పనిలోకి తీసుకోవాలి, వరసకి చోటివ్వాలి, స్టూళ్లూ తొడుగులూ గడియా ఇవ్వాలి. అప్పటిదాకా ఒక్క లోడు గేటు దాటకూడదని అనుకున్నారు.

మర్నాడు సాయంత్రం లారీలు బయల్దేరే వేళకి ఆడవాళ్లందరూ గేటుకి అడ్డంగా కూర్చున్నారు. మొదటి లారీలో స్టీరింగు పట్టుకుని ఉన్నది గొంతమ్మ మొగుడే. దిగొచ్చి, మన కొంప ముంచుతావా అని పళ్లు కొరికాడు. ఆమె అతన్నే చూస్తూ, ముంచుతానో తేలుస్తానో నాకూ తెలీదు, ఇంకొకళ్ల కొంప ముంచి మనం బతకలేం అంది. అతను మళ్లీ లారీ ఎక్కాడు. హారను కొట్టమని సూపర్వైజరు అరుస్తుంటే ఇంజను ఆపేసి, ఎటో చూస్తూ కూర్చున్నాడు.

లారీల్లో ఐసు కరిగి రోడ్డు మీదికి కారుతోంది. సరుకు వాసన మొదలైంది. కంట్రాక్టరు ఈసారి నవ్వుతూ రాలేదు, పోలీసుల్ని వెంటేసుకుని వచ్చాడు. మళ్లీ అదే ప్రశ్న. మీ లీడరెవరు?

పెద్దమ్మ లేవబోయింది. గొంతమ్మ ఆవిడ భుజం పట్టి కూర్చోబెట్టింది.

“నేను,” అంది. “ఇవాళా నేనే, ఆ రోజూ నేనే. ఆ రోజు చెప్పలేదు. సిగ్గుతో ఇన్ని రోజులూ చచ్చి బతికాను. రాసుకోండి. కానీ పొద్దుగూకింది, ముందు నమాజు.”

పోలీసు అధికారి ఇంకా నోరు తెరవకముందే ఆడవాళ్లు సీసాల నీళ్లతో చేతులూ మొహమూ కాళ్లూ కడిగి వజూ చేసుకుని లేచారు. తూకం అక్కా ఆమె వాళ్లూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని చుట్టూ దడి కట్టారు. వరస నిలబడింది, భుజానికి భుజం. మధ్యలో గొంతమ్మ, ఆమె కుడిపక్కన పెద్దమ్మ. సాయంత్రం నమాజులో పైకి వినపడేలా ఓదాలి. గొంతమ్మ చేతులెత్తి, అల్లాహు అక్బర్ అంది. అన్నాళ్లూ పెగలని గొంతు గేటు దాటి, షెడ్డు దాటి, కార్మికుల గదులదాకా పోయింది. తలుపులు తెరుచుకున్నాయి.

కంట్రాక్టరు అధికారి చెవిలో ఏదో అన్నాడు. ఇద్దరు ఆడ పోలీసులు దడిలో చేతులు విడదీసుకుని లోపలికి వచ్చారు. వాళ్లలో ఒకామె కళ్లు పైకెత్తలేకపోయింది. చెరో రెక్కా పట్టుకున్నా గొంతమ్మ ఓదడం ఆపలేదు. వరసలోంచి ఆమెని వెనక్కి లాగారు. మొదటి సూరా సగంలో గొంతు తెగింది.

వ్యాను దాకా ఈడ్చుకుపోతుంటే ఆమె చెవులు వెనక్కే ఉన్నాయి. ఇంజన్లు ఆగి ఉన్నాయి. నీటి చుక్కలు పడుతున్న చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. అయిపోయింది, చెదిరిపోతారు అనుకుంది. వ్యాను తలుపు మూశారు.

అప్పుడు వినిపించింది. బొంగురు గొంతు, వణుకుతున్న గొంతు, సరిగ్గా తాను ఆగిన చోటునుంచి అందుకుంది. గొంతు అక్షరం రానే వచ్చింది. పెద్దమ్మ దాన్ని ఎప్పటిలాగే పళ్ల సందుల్లోంచి తప్పు పలికింది. దిద్దాలని గొంతమ్మకి అనిపించలేదు. ఖాళీ అయిన చోటుని మూస్తూ అటూ ఇటూ భుజాలు దగ్గరికి జరగడం ఆమెకి వ్యాను జాలీలోంచి కనపడింది. సూరా చివరికి వచ్చింది. వరసంతా ఒక్కసారిగా ఆమీన్ అంది. వ్యానులో, ఇద్దరు పోలీసుల మధ్య, వాళ్ల భుజాలు తగులుతుండగా, గొంతమ్మ కూడా పైకే ఆమీన్ అంది.