ఇల్లాలు లేచి చెప్పాలి

మూప్పర్‌ని నిలబెట్టే రోజున అతని పెళ్ళాం లేచి అందరి ముందూ సాక్ష్యం చెప్పాలనే వాడుకను మా గుడికి తెచ్చింది ఇంకెవరో కాదు, నన్ను కట్టుకున్న మహానుభావుడే. అందుకని నేను ఎవరిని తిట్టాలన్నా ముందు ఆయన్నే తిట్టాలి. తిడుతూనే ఉన్నాను.

మూప్పర్ అంటే సంఘపెద్ద. మాది చిన్న గుడి. రాజపాళయంలో తళవాయిపురం బస్సులు మలుపు తిరిగే చోట రేకుల కప్పు కింద, నలభై ఇళ్ళ జనం. అందరం ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడేవాళ్ళమే. మిల్లు పనో మగ్గం పనో చేసి బతికేవాళ్ళమే. పాస్టరయ్య తిరునెల్వేలి వైపు నుంచి నెలకొకసారి వస్తాడు. తక్కిన ఆదివారాలు వాక్యం చెప్పేది మూప్పరే. మొగుడూ పెళ్ళాల గొడవైనా, చావైనా, పాలివాళ్ళ పగలైనా అతని మాటే చివరిమాట. మూడేళ్ళకొకసారి కొత్తగా నిలబెడతారు.

మా ఆయన పేరు ఇసక్కిముత్తు. జ్ఞానస్నానంలో ఈసాక్కు అని పెట్టారు గాని ఆ పేరుతో పిలిచిన నోరు ఒక్కటీ లేదు. సత్రపట్టిలో, ఆసుపత్రుల్లో గాయాలకు చుట్టే గుడ్డ నేసే మగ్గాల దగ్గర పని. చదివింది ఐదో తరగతి. కాని బైబిలు తెరిచాడంటే చూడాలి. తమిళంలో ఒక వచనం చదివి, దాన్ని మా ఇంటి తెలుగులో ముసలమ్మలకు కూడా ఎక్కేలా విప్పి చెప్పి, తిరిగి తిరిగి మళ్ళీ ఆ వచనం దగ్గరికే వచ్చేవాడు. కథలు చెప్పడు. కలలు చెప్పడు. "రాసిండేదాన్ని దాటి నేను ఒక్క అడుగు పెట్టను" అనేవాడు. ముప్పై ఏళ్ళుగా ఇళ్ళ ప్రార్థనల్లో చెప్పేవాడు, పాత మూప్పర్ లక్ష్మణన్ మంచాన పడ్డ ఏడాదంతా గుడిలోనూ ఆయనే చెప్పాడు. ఆ ఏడాది గుడిలో పిల్లలు కూడా అల్లరి చేయలేదు.

ఆ ఏడాదిలోనే ఈ వాడుక పుట్టింది. అంతకుముందు గొంతు పెద్దగా ఉన్నవాడి పేరు చెప్తే చేతులు లేచేవి. మా ఆయన పాస్టరయ్య దగ్గరికి పోయి, సంఘాన్ని నడిపేవాడు ఎలా ఉండాలో పౌలు ఉత్తరంలో వరసగా రాసి ఉంది కదా, దాన్నే ఒక్కొక్కరి మీద చదివి చూద్దాం అన్నాడు. తాగుబోతు కాకూడదు, చెయ్యి చేసుకునేవాడు కాకూడదు, బోధించగలిగినవాడై ఉండాలి, తన ఇంటిని చక్కగా నడుపుకొని పిల్లల్ని అణకువలో ఉంచుకున్నవాడై ఉండాలి.

"బయటి సంగతి జనం చెప్పనీండి ఐయా. ఇంటి సంగతి ఇంటామె చెప్పల్ల. మొగోడు ఎట్లాంటోడో ఆమెకి తెలిసినట్ల ఇంకెవరికి తెలుస్తాది?" అన్నాడు.

పాస్టరయ్యకు అది తెగ నచ్చింది. ఇంటి వచనం చదివాక ఇల్లాలు లేచి ఔను అనాలి, లేకపోతే లేదు అనాలి. లేదు అంటే పేరు కొట్టేయాలి. అంతే.

ఆ ఏడు నిలబడింది ఇద్దరు. మా ఆయన ఒకడు. మిల్లులో సూపర్‌వైజర్ మహేశ్వరన్ ఇంకొకడు. మహేశ్వరన్‌ది మైకు అక్కర్లేని గొంతు. జీతం వచ్చిన రోజు ఆ గొంతు వాళ్ళ వీధంతా వినేది. మర్నాడు అతని పెళ్ళాం సంతానలక్ష్మి కొళాయి దగ్గరికి కొంగు చెంప మీదుగా లాక్కుని వచ్చేది. ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు. ఆమె ఏమీ చెప్పేది కాదు.

ఇక మా ఇంటి సంగతి. మాకు ఒక్కడే కొడుకు, వినోత్. వ్యాన్ తోలుతాడు. పద్దెనిమిదో ఏట గుడి మానేశాడు. మానేస్తే మానేశాడు, తండ్రిని చూస్తే వాడికి ఒళ్ళు మంట. మూప్పర్‌ని నిలబెట్టడానికి వారం ముందు, ఆయన బైబిలు ముందేసుకుని కూర్చుని ఉంటే వీడు వచ్చి, "దీన్ని చదివి చదివి నీవు ఏం కిళిచినావు, ఏం పొడిచినావు? రేపటికీ ఆ మగ్గమే కదా నీకు" అని పుస్తకాన్ని లాగి వాకిట్లోకి విసిరాడు. నేను గిన్నెలు కడిగిన నీళ్ళలో పడింది. తీయబోయిన తండ్రిని తోశాడు కూడా. ఆయన లేచి, పుస్తకం తుడిచి, తడిసిన పేజీలు ఒక్కొక్కటి విడదీసి ఎండలో పెట్టాడు. నేను మాత్రం ఆ రోజు వాడికి అన్నం పెట్టలేదు.

ఆదివారం పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆయన నాతో అన్నాడు. "ఏమే రాక్కమ్మా, నా మొగం చూసి చెప్పొద్దు. వాక్యం చూసి చెప్పు."

నేను నిజంగా పిచ్చిదాన్ని. గుడికి పోయేదాకా నా లెక్క నాకుంది. మా వినోత్ సంగతి తెలియని ఇల్లు లేదు. నేను నిజం చెప్తే జనం, చూడండి, ఎంత నిజాయితీ గల ఇల్లో, ఈయనే కావాలి మాకు అంటారనుకున్నాను. ముప్పై ఏళ్ళు ఆయన చెప్పిన వాక్యం విన్న జనం కదా అనుకున్నాను.

పాస్టరయ్య వరస చదువుతూ వచ్చాడు. తాగుతాడా? లేదు, లేదు అని జనం. చెయ్యి చేసుకుంటాడా? నవ్వులు. బోధిస్తాడా? ముసలమ్మలంతా ఒక్కసారిగా తల ఊపారు. తర్వాత ఇంటి వచనం చదివి నా వైపు చూశాడు. నేను లేచాను.

"లేదు ఐయా" అన్నాను. "మా వాడు అణకువగా లేడు."

పాస్టరయ్య కాగితంలో పేరు మీద గీత గీశాడు. ఎవరైనా లేస్తారేమోనని చూశాను. ముందు వరసలో వాళ్ళు పాటల పుస్తకాలు సర్దుకుంటున్నారు. ఆయన ప్రసంగాలకు కళ్ళు తుడుచుకున్న గురువమ్మాళ్ నా పక్కనే కూర్చుని ఉంది. ఆమె కూడా విసనకర్ర ఆపలేదు.

తర్వాత మహేశ్వరన్. తాగుతాడా అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుని లేదన్నారు. చెయ్యి చేసుకుంటాడా అంటే అదీ లేదన్నారు. ఇంటి వచనం వచ్చింది. సంతానలక్ష్మి లేచింది. దవడ కింద నల్లగా కమిలి ఉంది. కొంగు సర్దుకుని, "ఔను" అంది. మహేశ్వరన్ మూప్పర్ అయ్యాడు.

ఇంటికొచ్చి మా ఆయన గంజి తాగాడు. గిన్నె కడిగి బోర్లించాడు. "సరిగ్గా చెప్పినావు" అన్నాడు. తిట్టినా బాగుండేది. నాలుగు తగిలించినా పడి ఉండేదాన్ని. పైగా ఆయన మొహంలో ఏదో వెలుగు కూడా ఉంది. అది చూసి నాకు ఇంకా కడుపు మండింది.

మహేశ్వరన్ పాలన ఎలా సాగిందో చెప్తాను. బైబిలు తెస్తాడు. తెచ్చి బల్ల మీద పెట్టి, దాని మీద సెల్‌ఫోన్ పెడతాడు, టైం చూసుకోవడానికి. మూడేళ్ళలో ఆ పుస్తకం తెరిచింది ఎన్నిసార్లో నేను వేళ్ళ మీద చెప్పగలను. చోళపురం దారిలో లారీ కింద పడబోయి ఎలా తప్పించుకున్నాడో చెప్తాడు. తనకు వచ్చిన కల చెప్తాడు. ఆ కలలో దేవుడు తనను ఏమని పిలిచాడో చెప్తాడు. జనం స్తోత్రం స్తోత్రం అని అరుస్తారు. ఒక ఆదివారం నిజాయితీ గురించి మాట్లాడుతూ, "మన రాక్కమ్మాళ్ అక్కను చూడండి, మొగుడని కూడా చూడక నిజం చెప్పింది" అని నన్నే చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గులేని జనం. నాకు ఆ చప్పట్లు చెంప మీద పడినట్టే ఉంది.

మా ఆయన చివరి వరసలో, తిరగని ఫ్యాను కింద కూర్చునేవాడు. ఒక్కనాడూ మానలేదు. కాని వారమంతా మగ్గాల దగ్గర నూలు కండెల కాగితాల వెనక వచనాలు రాసుకుని తెచ్చేవాడు. ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక బైబిలు తెరిచి, ఆ తడిసి ఎండిన పేజీలు తిప్పి, గుడిలో చెప్పాల్సిన ప్రసంగం నాకు చెప్పేవాడు. నేను ఒక్కదాన్నే సంఘం. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వినేదాన్ని. అంత పెద్ద వాక్యం వంటింటి గోడలకు పోతోందే అని గుండె తరుక్కుపోయేది. నా ఒక్క మాటే కదా దీనికంతా కారణం అనిపించేది.

మొన్న జూన్‌లో మళ్ళీ మూడేళ్ళు నిండాయి. ముసలమ్మలు వచ్చి మా ఆయన్ని మళ్ళీ నిలబడమన్నారు. కలలు విని విని వాళ్ళకూ విసుగొచ్చింది. ఆయన సరేనన్నాడు. వినోత్ అప్పటికి తళవాయిపురంలో వేరే ఉంటున్నాడు. ఎప్పుడైనా వస్తే తండ్రిని ఒక మాట అని పోవడానికే. మారిందేమీ లేదు. అయినా ఈసారి నా మాట అడ్డం రాదనే ఆయన నమ్మాడో, వచ్చినా సరే అనుకున్నాడో, నేను అడగలేదు.

శనివారం కొళాయి దగ్గర సంతానలక్ష్మి నన్ను పట్టుకుంది. బిందె నిండినా ఎత్తుకోలేదు.

"అక్కా, ఆ పొద్దు నీవు లేదని చెప్పినావే, నాకు కడుపు రగిలిపోయె. నీవు ఒక్క మాట సర్దుకొనుంటే ఈయన ఆ బల్ల ఎక్కుండడు."

"నువ్వు మాత్రం ఔనని చెప్పలేదా?" అన్నాను.

"లేదని చెప్పి ఏ ఇంటికి పోయేది అక్కా? ముందయినా మూప్పర్ దగ్గరికి పోయి మొరపెట్టుకోవచ్చును. ఇప్పుడు మూప్పరే ఆయన. ఎవరి దగ్గిర పోయి చెప్పేది?" కొంగుతో మొహం తుడుచుకుంది. "ఈ తూరి నీవు ఔనని చెప్పు అక్కా. నీకు కోటి పుణ్యం."

ఆ రాత్రి నాకు ఆలోచించాల్సిందేమీ మిగల్లేదు. ఒక్క అబద్ధానికి ఒక సంఘం బాగుపడుతుంది, ఒక ఆడది దెబ్బలు తప్పించుకుంటుంది, ఒక మనిషి పని ఆ మనిషికి దొరుకుతుంది. దేవుడు లెక్క చూస్తే నా వైపే చూస్తాడు అనుకున్నాను.

ఆదివారం పాస్టరయ్య మళ్ళీ అదే వరస చదివాడు. జనం అవే మాటలు అన్నారు. ఇంటి వచనం రాగానే నేను లేచాను.

"ఔను ఐయా" అన్నాను.

గుడి అంతా ఊపిరి పీల్చుకుంది. గురువమ్మాళ్ నా చెయ్యి నొక్కింది. వినోత్ వాకిట్లోకి పుస్తకం విసిరాడని తెలిసినవాళ్ళు, వాడు తండ్రిని తోయడం గోడ మీంచి చూసినవాళ్ళు, అందరూ తల ఊపారు. పాస్టరయ్య టిక్కు పెట్టబోయాడు.

మా ఆయన చివరి వరసలో లేచాడు. ఆయన నన్ను చూస్తున్నాడు. ముప్పై మూడేళ్ళ కాపురంలో నన్ను అలా చూడలేదు.

"ఐయా, నా పేరు తీసేయండి" అన్నాడు. "మా ఇల్లు ఆ వచనానికి నిలవదు."

పాస్టరయ్య ఎందుకు, ఏమిటి అని అడిగాడు. ఆయన మళ్ళీ అదే మాట చెప్పి కూర్చున్నాడు. నేను అబద్ధం చెప్పానని అనలేదు. అననక్కర్లేదు కదా. పాస్టరయ్య టిక్కు పెట్టాల్సిన చోట గీత పెట్టాడు. తర్వాత, మళ్ళీ నిలబడ్డ మహేశ్వరన్ వంతు వచ్చినప్పుడు, సంతానలక్ష్మి లేచింది. నా వైపే చూస్తూ నిలబడింది. ఆమెకు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు, నేల చూశాను. చాలాసేపటికి "ఔను" అని వినిపించింది. ఇంకో మూడేళ్ళు.

మా వాకిట్లోకి రాగానే నేను ఆగలేకపోయాను.

"నీకోసరమే కదయ్యా చెప్పినాను. ఆ దెబ్బలు పడతా ఉండే పిల్లకోసరం చెప్పినాను. నీ నిజం ఎవరికి కూడు పెట్టింది ఇన్నాళ్ళు?"

ఆయన తిన్నె మీద కూర్చుని చెప్పులు విప్పాడు. "నేను ముప్పై ఏండ్లు వాక్యం చెప్పినాను" అన్నాడు. "ఎవరి లోపల నిలిచిందో తెలీలేదు. ఆ పొద్దు నీవు లేచి లేదని చెప్పినావు చూడు, అప్పుడు తెలిసింది. ఒక్కరి లోపల నిలిచిండాదని. ఆ ఒక్కరు చాలునని ఈ మూడేండ్లు ఆ చివరి బెంచీలో కూర్చొనుంటి."

ఆ తర్వాత లోపలికి పోయాడు.

ఇప్పుడు కూడా ఆయన ప్రతి ఆదివారం గుడికి పోతాడు. అదే చివరి వరస. మహేశ్వరన్ కలలు వింటాడు. మధ్యాహ్నం అన్నం తిని, పక్కకి తిరిగి పడుకుంటాడు. బైబిలు గూట్లో ఉంది. నేను చిక్కుడుకాయలు ముందేసుకుని ఆ గడప దగ్గరే కూర్చుంటాను, ఆయన లేచి తెరుస్తాడేమోనని. కాయలన్నీ ఒలవడం అయిపోతుంది. లేచి పొయ్యి ముట్టిస్తాను.